కొంగలు బెదరకుండా ఉండాలంటే ఏ రంగు చొక్కా వేసుకోవాలి?

పై వీడియో మొదట్లో కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోవడం చూశారు కదా, తప్పు నాదే. తళతళలాడే తెల్ల చొక్కా, చేతిలో స్టీలు క్యాను. నేలపట్టు చెరువు కింద వరి మడి గట్టు ఎక్కానో లేదో, మడి ఖాళీ!

దొరవారిసత్రం మండలంలోని ఈ చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు పెడతాయి. వాటి రెట్ట పడిన నీళ్లే కింద పొలాలకు పారతాయి. పైసా ఖర్చు లేని ఎరువు అది. గూళ్ల మీది తల్లులు బెదిరి లేస్తే కాకులు, గద్దలు గుడ్లు ఎత్తుకుపోతాయి, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడతాయి. అందుకే గూళ్ల దగ్గరికి పోనే కూడదు, చూడాలంటే వాచ్ టవర్ ఉంది. నేను చెప్పేది మన మడిలో మేతకు దిగిన పక్షుల గురించి.

అడవిపంది, జింక లాంటి వాటికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగా తెలీదు. పక్షులు అలా కాదు. మనకు కనపడే రంగులన్నీ చూస్తాయి, చాలా వాటికి అతినీలలోహిత కాంతి కూడా కనపడుతుంది. బట్టలు తెల్లగా మెరవడానికి సబ్బు పొడిలో కలిపే మందు ఆ కాంతిని పీల్చుకుని వెలుగు చిమ్ముతుంది. కాబట్టి మట్టి రంగు, వెలిసిన ఖాకీ, మాసిన ఆకుపచ్చ వేసుకోండి. కుంకుడుకాయతో ఉతకండి. టోపీ, సంచి కూడా అదే రంగులో ఉండాలి. మెరిసే సామాను గోతాంలో పెట్టుకోండి.

పసుపు చొక్కా అయితే పేనుబంక, తెల్లదోమ వచ్చి వాలతాయి. మనం పసుపు జిగురు అట్టలు కట్టేది అందుకే కదా. తేనెపెట్టెల దగ్గర మాత్రం లేత రంగే మంచిది, నల్లబట్ట చూస్తే ఈగలు రేగుతాయి.

రంగొక్కటే చాలదండోయ్. దున్నే ట్రాక్టరు వెనకాల కొంగలు భయం లేకుండా తిరుగుతాయి, అదే మనిషి ఆగి తేరిపార చూస్తే లేచిపోతాయి. నేరుగా వాటి మీదికి పోకుండా పక్కగా, నిదానంగా వెళ్లి గట్టు చాటున కూర్చోండి.

తెల్లారుజామున మంచులో హైవే మీద బండి నడిపేటప్పుడు మాత్రం ఈ మట్టి రంగు వద్దు, పైన మెరిసే జాకెట్ వేసుకోండి.

మర్నాడు పాత ఖాకీ చొక్కాతో అదే గట్టు చాటున కూర్చున్నా. వీడియో రెండో సగం అప్పుడు తీసిందే. ఒక కొంగ నాకు పది అడుగుల దూరంలో నత్తను పట్టింది చూడండి.