మందలో సగం పొట్టేలిదే

ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో ఒక యూనిట్ అంటే ఇదే. దాని ధర అప్పట్లో 1.25 లక్షలు. అందులో పావు వంతు, అంటే 31,250 రూపాయలు, గొల్లకుర్మల కుటుంబం కట్టుకోవాల్సి వచ్చేది. 2012లో 1.28 కోట్లున్న రాష్ట్ర గొర్రెలు 2019 పశుగణన నాటికి 1.9 కోట్లయ్యాయి. ఆ లెక్కలో దేశంలో మనదే మొదటి స్థానం. మా మల్లాపూర్ వైపు ఎవరు మంద కొన్నా కళ్ళు ఇరవై గొర్రెల మీదే ఉంటాయి. చూడాల్సింది ఇరవై ఒకటో జీవాన్ని.

ఎందుకంటారా? ఒక ఈతలో పదహారు పిల్లలు నిలిచాయనుకుందాం. ఒక్కో గొర్రె గుణం దాని పిల్లకే పరిమితం. పొట్టేలి గుణం పదహారింటిలోనూ సగం ఉంటుంది. ఒక గొర్రె నాసిరకమైతే పోయేది ఒక పిల్ల. పొట్టేలు నాసిరకమైతే ఆ ఏడాది పంటంతా అంతే.

మంచి పొట్టేలు దొరికింది కదా, దాన్నే ఉంచుకుంటే పోలేదా? రెండేళ్ళ దాకా సరే. మొదటి ఈతలో పుట్టిన ఆడపిల్లలు ఏడాదిన్నరకు ఎదకు వచ్చి కట్టడానికి సిద్ధమవుతాయి. తండ్రి ఇంకా మందలోనే ఉంటే వాటినీ దాటుతుంది. ఇదే రక్తసంబంధపు సంకరం. జన్యువులు, అంటే తరం నుంచి తరానికి గుణాలను మోసేవి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా జతల్లో వస్తాయి. తండ్రీకూతుళ్ళకు పుట్టిన పిల్లలో సగటున 25 శాతం జతల్లో రెండూ ఒకే పాత జన్యువు నకళ్ళే. తల్లులు వేరై తండ్రి ఒకడే అయిన అన్నాచెల్లెళ్ళకు పుడితే అది 12.5 శాతం. అప్పటిదాకా దాగున్న లోపాలు అప్పుడు బయటపడతాయి: పిల్ల చిన్నగా పుడుతుంది, త్వరగా చస్తుంది, పెరిగి పెద్దదైనా సరిగా చూలు నిలవదు. మంద ‘చప్పబడింది’, గడ్డి లేదు అనుకుంటాం గానీ కొన్నిసార్లు తప్పు గడ్డిది కాదు.

కాబట్టి రెండేళ్ళకోసారి పొట్టేలును మార్చాలి. ఖర్చెంత? లెక్క కోసం పొట్టేలు 20 వేలనుకుందాం. రెండేళ్ళకు కొత్తది కొంటే ఏడాదికి 10 వేలు. చుట్టాలు కాని రెండు మందల యజమానులు మాట్లాడుకుని రెండేళ్ళకు ఒకరిదొకరు మార్చుకుంటే అదే పొట్టేలు నాలుగేళ్ళు పనిచేస్తుంది. ఏడాదికి 5 వేలు. పదహారు పిల్లలకు పంచితే పిల్లకు మూడు వందల పైచిలుకు. జీవం కిలో 350 పలికితే, పిల్లకు ఒక్క కిలో బరువు పెరిగినా ఆ ఖర్చు తీరిపోతుంది. చివర్లో పొట్టేలు మాంసానికి అమ్మితే వచ్చేది అదనం. అయితే రెండు మందలూ ఒకే పొట్టేలి సంతానం కాకూడదు. ఇంకోటి: మగపిల్లలు ఆరేడు నెలలకే దాటగలవు. ఆలోపే అమ్మేయాలి, లేదా వేరుచేయాలి.

ఏ జాతి పొట్టేలు? పొడవాటి కాళ్ళ నెల్లూరిది మాంసానికి బాగుంటుంది, కాలువ కింద మేత ఉన్నవాళ్ళకు తగినది. గొంగళ్ళకు ఉన్ని ఇచ్చిన నల్లని దక్కనీ కరువును, దూరపు నడకను తట్టుకుంటుంది. మంద తోలుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళకు నా ఓటు దక్కనీకే. వాతావరణానికి తగిన జాతి ఎంత దూరం పోతుందో బ్రెజిల్‌ను చూడండి: అక్కడి మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం మన ఒంగోలు రక్తానివే, పేరు నెలోరి. 1960ల మొదట్లో మన కరవది ఊరి పేరుతో వెళ్ళిన ఒక్క ఆంబోతు వంశం ఇప్పటికీ అక్కడి మందల్లో ఉంది. ఒక్క మగ జీవం బలం అంత.

ఎప్పుడు దాటించాలి? గొర్రె చూలు దాదాపు 150 రోజులు. జూలై మొదట్లో కడితే నవంబరు చివర్లో ఈనుతుంది. వరి కోతలై పొలాల్లో మేత ఉంటుంది. కానీ పొట్టేలిలో వీర్యకణాలు తయారై బయటికి రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. మేలో 45 డిగ్రీల ఎండలో అలమటించిన పొట్టేలు జూలైలో సగం గొర్రెలను ఖాళీగా వదిలేయవచ్చు. మే నెలంతా నీడ, నీళ్ళు, కాస్త దాణా ముందు దానికివ్వండి.

బయటి నుంచి తెచ్చిన పొట్టేలును వెంటనే మందలో కలపకండి. మూడు వారాలు విడిగా కట్టేసి, పీపీఆర్ అనే అంటువ్యాధికి టీకా వేయించి, జబ్బు లేదని తేలాకే వదలండి. సందేహముంటే మల్లాపూర్ వాళ్ళకు కోరుట్ల పశువైద్య కళాశాల దగ్గర్లోనే ఉంది. పొట్టేలును కొనేముందు దాని తల్లిని ఒకసారి చూపించమని అడగండి.