నిద్రమత్తులో వాహనాలు నడపడం

నిద్రమత్తులో వాహనాలు నడపడం అనగా తగినంత నిద్ర లేని స్థితిలో గాని, శరీరం సహజంగా నిద్రను కోరే వేళలలో గాని వాహనాన్ని నడపడం. రహదారి ప్రమాదాలకు గల ముఖ్య కారణాలలో ఇది ఒకటి. మద్యం సేవించినదీ లేనిదీ శ్వాస పరీక్షలో తెలుస్తుంది. నిద్రలేమికి అటువంటి పరీక్ష లేదు. అందువలన ఇటువంటి ప్రమాదాలు తరచుగా అతివేగం క్రిందనో, అజాగ్రత్త క్రిందనో లెక్కకు వస్తుంటాయి.

ఆళ్లగడ్డ రహదారి

కర్నూలు నుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప, చిత్తూరుల మీదుగా వెళ్ళే 40వ నంబరు జాతీయ రహదారి (ఇందులో కర్నూలు-చిత్తూరు భాగం పూర్వం 18వ నంబరు) ఈ విషయానికి తగిన ఉదాహరణ. ఆళ్లగడ్డ హైదరాబాదుకు 300 కి.మీ. పైచిలుకు దూరంలో ఉన్నది. రాత్రి 10 గంటల ప్రాంతంలో హైదరాబాదులో బయలుదేరిన వాహనం తెల్లవారుజామున 3, 4 గంటల మధ్య ఇక్కడికి చేరుతుంది. మనిషి జీవగడియారం ప్రకారం మెలకువ అతి తక్కువగా ఉండేది రాత్రి 2 నుండి ఉదయం 6 వరకే. 2024 మార్చి 6 వేకువజామున ఆళ్లగడ్డ మండలం నల్లగట్ల వద్ద ఆగి ఉన్న లారీని కారు ఢీకొని ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురు మరణించారు.

కునుకు కొన్ని సెకన్లే ఉండవచ్చును. గంటకు 80 కి.మీ. వేగంలో 4 సెకన్లు కన్ను మూతపడితే వాహనం సుమారు 89 మీటర్లు నడిపేవారు లేకుండానే వెళ్తుంది.

నిర్ణయశక్తిపై ప్రభావం

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకొని నిద్రను కలుగజేస్తుంది. డాసన్, రీడ్ అనే శాస్త్రవేత్తలు 1997లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 17 గంటలు మేలుకొన్నవారి పనితీరు 100 మి.లీ. రక్తంలో 50 మి.గ్రా. మద్యం ఉన్నవారితో సమానం. 24 గంటలకు అది సుమారు 100 మి.గ్రా.కు చేరుతుంది. భారతదేశంలో చట్టం అనుమతించే పరిమితి 30 మి.గ్రా. మాత్రమే. మహానందిలో శివరాత్రి జాగరణ చేసి, మరునాటి ఉదయమే కారు నడుపుకుంటూ బయలుదేరే భక్తుడు చుక్క మద్యం తాగకుండానే ఆ పరిమితిని మూడింతలు దాటినవానితో సమానమన్నమాట.

ఇంతకంటె ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉన్నది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో ప్రకటించిన ఫలితాలలో, 14 రోజులపాటు రోజుకు 6 గంటలే నిద్రించినవారి చురుకుదనం పూర్తిగా నిద్ర మానినవారి స్థాయికి దిగజారింది. వారు మాత్రం తమకు కొద్దిపాటి మగతే ఉన్నదని భావించారు. తన నిద్రమత్తును అంచనా వేయవలసిన మెదడే మత్తులో ఉన్నప్పుడు "ఇంకొక ముప్పై కిలోమీటర్లే కదా" అనే లెక్క నమ్మదగినది కాదు. కనుక ఎక్కడ ఆగాలో, స్టీరింగు ఎవరు అందుకోవాలో బయలుదేరక ముందే నిశ్చయించుకోవడం మేలు.

నివారణ

కిటికీ తెరవడం, పాటలు పెట్టడం కొద్ది నిమిషాలకే పనిచేస్తాయి. టీ, కాఫీలలోని కెఫీన్ ప్రభావం చూపడానికి సుమారు అరగంట పడుతుంది. కాఫీ తాగి, వాహనాన్ని సురక్షిత స్థలంలో నిలిపి 15-20 నిమిషాలు కునుకు తీయడం వీటికంటె మెరుగు. ఆంధ్ర ప్రదేశ్ పోలీసులు రాత్రివేళ వాహనాలను ఆపి డ్రైవర్లచేత ముఖం కడిగించి పంపే కార్యక్రమాన్ని నిర్వహిస్తుంటారు. ఇందులో నీటికంటె ఆ కాసేపు ఆగడమే ఎక్కువ ఉపకరిస్తుందని చెప్పవచ్చును.

2025 వరకు అమలులో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 ప్రకారం రవాణా వాహన డ్రైవరు పని సమయం సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదనే నియమం ఉండేది. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి సొంత కారులో తిరుపతికో అహోబిలానికో బయలుదేరేవారికి ఈ పరిమితి వర్తించేది కాదు.