వ్యాసం రాయాలంటే ముందు ఒక్క వాక్యం కావాలి.. మీ పిల్లలకు ఈ ప్రాక్టీస్ చేయించారా?

తిరుపతి: వ్యాసరచన పోటీ అనగానే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. గైడ్‌లోంచో, యూట్యూబ్‌లోంచో రెండు పేజీలు తీసుకుని పిల్లలు బట్టీ పడతారు. టాపిక్ కాస్త మారితే చాలు, పెన్ను ఆగిపోతుంది. 'పర్యావరణ పరిరక్షణ' మీద రెండు పేజీలు అప్పజెప్పే పిల్లాడికి 'మీ ఊరి చెరువును ఎలా కాపాడుకోవాలి?' అని ఇస్తే ఏం రాయాలో తోచదు. రోజూ ఆ చెరువు గట్టు మీద నుంచే బడికి వెళ్తున్నా సరే.

6 నుంచి 8వ తరగతి చదివే పిల్లలకు ఈ ఇబ్బంది తప్పాలంటే ముందు ఒక్క వాక్యం రాయడం నేర్పాలి. దాన్నే థీసిస్ స్టేట్‌మెంట్ అంటారు. తెలుగులో ప్రధాన వాక్యం అనుకోవచ్చు.

ఇంతకీ ఏంటీ ప్రధాన వాక్యం?

వ్యాసం మొత్తం ఏం చెప్పబోతోందో ఒక్క ముక్కలో చెప్పేదే ప్రధాన వాక్యం. మామూలుగా మొదటి పేరా చివర్లో వస్తుంది. టాపిక్ వేరు, ఇది వేరు. 'చిత్తూరు మామిడి' అన్నది టాపిక్. ఆ మామిడి గురించి మీరు ఏం అంటున్నారన్నది ప్రధాన వాక్యం. ఇందులో రెండు భాగాలుంటాయి. ఒకటి చెప్పదలచుకున్న మాట, రెండోది దానికి కారణం.

ఒకే టాపిక్.. రెండు రకాల వ్యాసాలు

బడిలో రాయించే వ్యాసాల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఎదుటివాళ్లను ఒప్పించేది ఒకటి, విషయాన్ని వివరించేది ఇంకొకటి. తోతాపురి మామిడినే తీసుకుందాం. 2025 సీజన్‌లో ధర పడిపోయి రైతులు రోడ్డెక్కారు. అప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు రైతుకు దక్కాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఈ విషయం చిత్తూరు జిల్లాలో తోట ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. ఇక దీని మీద వ్యాసం ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

• వివరించే వ్యాసానికి: "తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే వెళ్తుంది కాబట్టి, అవి కొనడం తగ్గిస్తే పంట బాగా పండినా రైతుకు ధర రాదు."

• ఒప్పించే వ్యాసానికి: "తోతాపురి ధరను కోతకు ముందే ప్రకటించాలి, ఎందుకంటే కోసిన కాయ ఎక్కువ రోజులు నిల్వ ఉండదు, రైతుకు బేరమాడే టైమ్ దొరకదు."

మొదటిది ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో చెబుతోంది. రెండోది ఏం చేయాలో చెబుతోంది. పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. వివరించమని అడిగితే డిమాండ్లు రాస్తారు, ఒప్పించమంటే సమాచారం రాసి వదిలేస్తారు.

ఇవి ప్రధాన వాక్యాలు కావు

• "ఈ వ్యాసంలో నేను ఏనుగుల గురించి రాస్తాను." ఇది ప్రకటన మాత్రమే.
• "ప్లాస్టిక్ వల్ల లాభమా, నష్టమా?" ఇది ప్రశ్న. జవాబు రాస్తేనే ప్రధాన వాక్యం అవుతుంది.
• "తిరుపతికి చాలామంది భక్తులు వస్తారు." ఇది అందరికీ తెలిసిన నిజం. దీని మీద ఒప్పించడానికి ఏమీ లేదు.
• "నీరు చాలా ముఖ్యం." ఎవరికి, ఎందుకు, ఏం చేయాలి అన్నవేవీ ఇందులో లేవు.

'కాదు' పరీక్ష

ఒప్పించే వ్యాసానికి ఒక చిన్న పరీక్ష ఉంది. రాసిన వాక్యాన్ని పైకి చదవండి. విన్నవాళ్లలో ఒక్కరైనా "కాదు, నేనొప్పుకోను" అనే అవకాశం ఉండాలి. ఎవరూ కాదనలేని మాట అయితే దాన్ని నిరూపించాల్సిన పనే ఉండదు.

దీనికి చిత్తూరులోనే పెద్ద ఉదాహరణ ఉంది. చిత్తూరు దగ్గరి కట్టమంచిలో పుట్టిన కట్టమంచి రామలింగారెడ్డి 1914లో 'కవిత్వతత్త్వ విచారము' తెచ్చారు. చాలామంది ప్రబంధ కవులను గట్టిగా విమర్శించి, పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని మెచ్చుకున్నారు. ఆయనతో ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు, విభేదించినవాళ్లూ ఉన్నారు. ఆయన ఒక పక్షం తీసుకుని, ఎందుకో చెప్పారు కాబట్టే ఆ చర్చ నడిచింది.

వివరించే వ్యాసానికైతే పరీక్ష వేరు. "ఎందుకు?", "ఎలా?" అని అడిగితే ఆ వాక్యంలోనే జవాబు దొరకాలి.

ఇంట్లో 10 నిమిషాల ప్రాక్టీస్

1. పిల్లలకు తెలిసిన టాపిక్ ఇవ్వండి. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు నిషేధం కదా, కొండ కింద తిరుపతి బస్టాండ్‌లో కూడా ఆపాలా?
2. "..... చేయాలి, ఎందుకంటే ....." అనే ఖాళీలు నింపమనండి. 'వద్దు' అని రాసినా పర్లేదు, కారణం ఉండాలి.
3. ఇంట్లో ఒకరు ఎదురు వాదించండి. "మరి ఎండలో వచ్చిన యాత్రికులు నీళ్లకు ఏం చేస్తారు?" అని అవ్వో, తాతో అడగొచ్చు.
4. ఆ ప్రశ్న విన్నాక వాక్యాన్ని మళ్లీ రాయించండి. "బస్టాండ్‌లో ఉచిత మంచినీళ్ల కుళాయిలు పెంచి, ఆ తర్వాత ప్లాస్టిక్ బాటిళ్లు ఆపాలి, ఎందుకంటే వాడి పారేసిన బాటిళ్లు కాలువల్లో అడ్డుపడుతున్నాయి" అని రావచ్చు. మొదటి వాక్యం కంటే ఇది ఎంత గట్టిగా ఉందో పిల్లలకే తెలుస్తుంది.
5. ఇప్పుడు ఒక్కో కారణానికి ఒక్కో పేరా. ఎదురు ప్రశ్నకు ఇంకో పేరా. వ్యాసం సగం అయిపోయినట్టే.

ఇంగ్లీష్ మీడియం పిల్లలు కూడా ముందు తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లీష్‌లో రాసుకోవచ్చు. ఆలోచన తేలిపోతే, మిగిలేది భాష పనే.

ఈ వారం వీటితో మొదలుపెట్టండి: పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు పొలాల్లోకి ఎందుకు వస్తున్నాయి? స్వర్ణముఖిలో చెత్త వేయకుండా ఏం చేయాలి? బడికి ఫోన్ తీసుకెళ్లనివ్వాలా?

ఇది మార్కుల దగ్గరే ఆగిపోయే విద్య కాదు. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకైనా, గ్రామసభలో అడిగే మాటకైనా ఇదే కావాలి. ఏం కావాలో, ఎందుకు కావాలో మొదటి వాక్యంలోనే చెప్పగలిగితే, రాసుకొచ్చే మనిషి కోసం వెతుక్కోవాల్సిన అవసరం ఆ పిల్లలకు రాదు.