అడిగితే చెప్పే క్యాంపస్

ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో హ్యాకథాన్ అనే మాట ఇప్పుడు తరచు వినిపిస్తోంది. నలుగురైదుగురు జట్టుగా చేరి, ఇరవై నాలుగు గంటల్లోనో ముప్పై ఆరు గంటల్లోనో పనికొచ్చే సాధనం ఒకటి తయారుచేసి, జడ్జీల ముందు పెట్టాలి. రాత్రంతా అక్కడ ఏం చేస్తారని అడిగే తల్లిదండ్రుల కోసం, అలాంటి చోట తరచు కనిపించే ఒక ప్రాజెక్టు గురించి చెబుతాను. నోటితో అడిగితే నోటితోనే జవాబిచ్చే వాయిస్ అసిస్టెంట్ అది. లైబ్రరీ ఎన్నింటి వరకు ఉంటుంది, బోనఫైడ్ సర్టిఫికెట్ ఏ కౌంటర్‌లో ఇస్తారు, స్కాలర్‌షిప్ రెన్యూవల్‌కు ఆఖరి తేదీ ఎప్పుడు వంటివి దాన్ని అడగొచ్చు.

పెద్ద విశ్వవిద్యాలయాలు ఇప్పటికే ఇలాంటివి వాడి చూశాయి. 2017లో అమెరికాలోని ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ తన ఇంజనీరింగ్ హాస్టల్ విద్యార్థులకు అమెజాన్ ఎకో డాట్ పరికరాలు ఇచ్చింది. మరుసటి ఏడు సెయింట్ లూయిస్ యూనివర్సిటీ 2,300కు పైగా పరికరాలను తన విద్యార్థుల వసతి గదులన్నింటిలో పెట్టింది. ఆ క్యాంపస్‌కు సంబంధించిన నూరుకు పైగా ప్రశ్నలకు జవాబులు ముందే సిద్ధం చేసి ఉంచింది.

మాటను అక్షరాలుగా మార్చడం, అక్షరాలను తిరిగి మాటగా పలికించడం అన్నిటికన్నా కష్టమని చాలామంది అనుకుంటారు. ఆ రెండూ ఇప్పుడు తయారుగా దొరుకుతాయి. 2017 ఆగస్టులోనే గూగుల్ తన వాయిస్ టైపింగ్‌లో తెలుగు, ఉర్దూలతో సహా ఎనిమిది భారతీయ భాషలు చేర్చింది. విద్యార్థులు చేయాల్సిన పని ఆ రెండింటికీ మధ్యన ఉంటుంది: అడిగినవాడికి ఏం కావాలో తేల్చడం. దీన్ని వాళ్లు ఇంటెంట్ అంటారు. "లైబ్రరీ ఎప్పుడు మూస్తారు", "ఎనిమిదింటికి పోతే లైబ్రరీ ఉంటుందా", "లైబ్రరీ కిత్తే బజే తక్ ఖులీ రహ్తీ", ఈ మూడింటి ఇంటెంట్ ఒక్కటే. జట్టు ఒక్కో ఇంటెంట్‌కు ఇలాంటి నమూనా వాక్యాలు రాసిపెడుతుంది. "లైబ్రరీ" ఉన్నచోట "క్యాంటీన్" అన్నా "పరీక్షల విభాగం" అన్నా పనిచేసేలా ఆ మాట స్థానాన్ని ఖాళీగా ఉంచుతుంది. ఆ ఖాళీ పేరు స్లాట్.

ఈ వాక్యాలు కంప్యూటర్ ముందు కూర్చుంటే పుట్టవు. మన పిల్లలు ఒకే వాక్యంలో తెలుగు, దక్కనీ, ఇంగ్లీషు కలిపేస్తారు. తెలివైన జట్టు మొదటి రెండు గంటలు కోడ్ జోలికి పోదు. ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, క్యూలో ఉన్నవాళ్లు ఏ మాటలతో అడుగుతున్నారో రాసుకుంటుంది. నా లెక్కలో ఆ కాగితానికే ఎక్కువ మార్కులు వేయాలి.

చిన్న చిక్కులు కూడా ఉంటాయి. ప్రోగ్రాం నడిచే క్లౌడ్ సర్వర్ గడియారం సాధారణంగా అంతర్జాతీయ సమయంలో ఉంటుంది, అంటే మనకన్నా 5 గంటల 30 నిమిషాలు వెనక. ఆదివారం తెల్లవారుజామున రెండింటికి "ఇవాళ లైబ్రరీ ఉందా" అని అడిగితే, సర్వర్ దృష్టిలో అది ఇంకా శనివారం రాత్రి ఎనిమిదిన్నర. "ఉంది" అని నిక్షేపంగా చెప్పేస్తుంది. అలెక్సా మీద కట్టినదైతే మరో షరతు: ఎనిమిది సెకన్లలో జవాబు రాకపోతే అది మన ప్రోగ్రాం కోసం ఆగదు. జవాబు పొడుగైనా కష్టమే. కాగితం మీది సర్క్యులర్‌ను మళ్లీ చూసుకోవచ్చు, చెవిన పడ్డ పది వాక్యాలు గుర్తుండవు. రెండు మూడు వాక్యాలు దాటకూడదు.

అసలు ప్రమాదం తప్పు జవాబు దగ్గర ఉంది. లైబ్రరీ వేళ తప్పు చెబితే ఒకడు అనవసరంగా నడిచి వస్తాడు, అంతే. స్కాలర్‌షిప్ తేదీ తప్పు చెబితే ఒక ఇంటిమీద ఏడాది ఫీజు భారం పడవచ్చు. ఇంటర్ దాటి చదివినవారు ఇంట్లో ఎవరూ లేని విద్యార్థి, ఆఫీసులో అడగడానికి బిడియపడే అమ్మాయి, ఇలాంటివాళ్లే ఈ యంత్రాన్ని ఎక్కువగా నమ్ముతారు. దాని మాట తప్పో ఒప్పో చూసుకునేందుకు వాళ్ల దగ్గర వేరే దారి తక్కువ.

ఇప్పుడు చాలా జట్లు చాట్‌జీపీటీ వంటి భాషా నమూనాలను తగిలిస్తున్నాయి. ఇవి అడిగిన తీరు ఎలా ఉన్నా బాగానే అర్థం చేసుకుంటాయి. కాని సమాచారం లేనప్పుడు కూడా నమ్మకంగా ఒక తేదీ పుట్టించగలవు. అందుకని ఆఫీసు ఇచ్చిన నోటీసులను మాత్రమే వాటి ముందు పెట్టి, అందులో దొరికితేనే చెప్పమనాలి. అప్పుడు కూడా తేదీలు, రూపాయల అంకెలు నమూనా నోటి నుంచి కాకుండా నేరుగా పట్టికలోంచి రావడం మేలు. దొరకనప్పుడు "నాకు తెలియదు, ఫలానా కౌంటర్‌లో అడగండి" అనే వాక్యం జట్టు తప్పకుండా రాయాలి. ప్రదర్శనలో ఆ వాక్యానికి చప్పట్లు పడవు.

సొంత విషయాల దగ్గరా జాగ్రత్త కావాలి. "నా ఫీజు బాకీ ఎంత" అన్న ప్రశ్నకు నలుగురున్న గదిలో యంత్రం గట్టిగా జవాబు చెప్పకూడదు. అది ఫోన్‌కు సందేశంగా పోవాలి, లేదా అసలు ఉండకూడదు. సెయింట్ లూయిస్‌లో ఆ పరికరాలను విద్యార్థుల సొంత ఖాతాలకు కలపకుండానే నడిపారు.

హ్యాకథాన్ ముగిశాక ఈ ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం లాప్‌టాప్‌లోనే ఉండిపోతాయి. తేదీలు మారతాయి, మార్చేవాళ్లు ఉండరు. దీనికొక తేలిక పద్ధతి ఉంది. జవాబులన్నీ కోడ్‌లో కాకుండా, ఆఫీసు గుమస్తా తనంతట తాను దిద్దుకోగల పట్టికలో పెట్టాలి. ప్రతి జవాబు పక్కన చెల్లుబాటు గడువు రాయాలి. గడువు దాటిన జవాబును యంత్రం చదవకుండా, కౌంటర్ నంబరు చెప్పి ఊరుకుంటుంది.