సందర్భ మెఱిగిన యంత్రమును నమ్ముట యెట్లు?

సమయము, సందర్భము తెలిసి మాటాడువానినే మన పెద్దలు తెలివిగలవా డనిరి. నేడు ఈ గుణమును యంత్రములకును అలవఱచుచున్నారు. చేతిలోని ఫోను మన మున్న చోటును, వేళను, కదలికను గ్రహించి, మన మడుగకయే దారి చూపును, హెచ్చరిక పంపును. ఇట్టివానిని సందర్భజ్ఞ గణకవ్యవస్థలని పిలువవచ్చును. గణకయంత్రములు పరిసరములలో కలిసిపోయి, కంటబడకుండ పనిచేయు కాలము వచ్చునని 1991లో మార్క్ వైజర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వ్రాసెను. 1994లో బిల్ షిలిట్, మార్విన్ థైమర్ అను నిరువురు ‘కాంటెక్స్ట్ అవేర్’ అను పేరును వాడుకలోనికి తెచ్చిరి.

ఈ వ్యవస్థలు ఎంతవరకు నమ్మదగినవో పరీక్షించుటకు మన కామాటిపుర తగిన చోటు. నైజాము ప్రాంతమునుండి వలస వచ్చి, ఈ నగరపు కట్టడములలో కూలిపని చేసిన కామాటుల పేరనే ఈ పేట వెలసినది. తరువాత వేఱొక వృత్తి కారణముగా దేశమంతట దీనికి అపకీర్తి వచ్చినది. ‘ఇతడు రాత్రి పది గంటలకు కామాటిపురలో నున్నాడు’ అని ఒక ఫోను గ్రహించిన దనుకొందము. స్థలము నిజము, కాలము నిజము. కాని యంత్రము దానినుండి తీయు అర్థ మేమి? అతడు పని ముగించుకొని ఇల్లు చేరిన తండ్రి కావచ్చును; తాతలనాటి చాల్ గదిలో పాఠము చదువుకొను మా విద్యార్థి కావచ్చును. స్థలము తెలిసినంత మాత్రమున సందర్భము తెలిసినట్లు కాదు. ఉద్యోగపు దరఖాస్తులో చిరునామా వ్రాయుటకు జంకిన పూర్వవిద్యార్థులను నే నెఱుగుదును. మనుష్యులు చేయు ఆ తప్పునే యంత్రము కారణము చెప్పక లక్షలసార్లు చేసిన, ఎవరితో మొఱపెట్టుకొందుము?

2020 ఏప్రిల్ 2న భారత ప్రభుత్వము కరోనా నిమిత్తము విడుదల చేసిన ‘ఆరోగ్య సేతు’ మంచి యుదాహరణము. రెండు ఫోనులు సమీపించినప్పుడు బ్లూటూత్ తరంగములచే అవి పరస్పరము గుర్తించుకొని, ఆ సంగతిని భద్రపఱచెడివి. ఈ పద్ధతికి మూలమైన ఊహలు రెండు: ఒక ఫోను ఒక మనిషిది, దగ్గఱ నున్నవారు కలిసికొన్నవారు. మన చాళ్లలో ఈ రెండును నిలువవు. తరంగము పలుచని గోడను దాటిపోవును. గోడ కిరువైపుల నున్న కుటుంబములు ముఖములు చూచుకొనకున్నను యంత్రమునకు సమీపస్థులే. ఇంటి కున్న ఒక్క ఫోను పగలు తండ్రితో పనికి పోయి, సాయంకాలము పిల్లల పాఠమునకు వచ్చును. ఆ సంవత్సరము నా తరగతి పిల్లలు పలువురు అట్లే చదివిరి.

అయినను ఆ చరిత్రలో నేర్వదగిన మంచియు కలదు. 2020 మే 1న ఉద్యోగుల కందఱకు తప్పనిసరి చేసిన నియమమును, విమర్శలు రాగా, ప్రభుత్వము అదే నెలలో సడలించినది. సేకరించిన సమాచారమును సాధారణముగా 180 దినములకు మించి ఉంచరాదని మే 11న నిర్ణయించినది. మే 26న ఆండ్రాయిడ్ ఫోనుల ప్రోగ్రామును ఎల్లరు పరిశీలించుటకు బహిరంగపఱచినది.

నమ్మకమునకు మార్గ మిదియే. యంత్రము తన కేమి తెలియునో, ఎట్లు తెలిసినదో, దానితో ఏమి చేయుచున్నదో వాడుకరికి చెప్పవలెనని 2001లో విక్టోరియా బెలాటి, కీత్ ఎడ్వర్డ్స్ ప్రతిపాదించిరి. దీనికి మఱి మూడు చేర్పదగును: తప్పుగా ఊహించినప్పుడు ‘ఇది నా యిల్లు’ అని దిద్దు వీలుండవలెను, వలదన్నవానికి నష్టము కలుగరాదు, అవసరము తీరిన సమాచారము చెఱిపివేయబడవలెను.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా అంగీకరించినది. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి కోరు ప్రకటనను ఆంగ్లమున గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొను వీలుండవలెనని పలికినది. ఆ షెడ్యూలులో తెలుగు కలదు. కాని తెలుగు లిపిలో నుండుట వేఱు, తెలియుట వేఱు. మన తల్లులకు బోధపడని ప్రకటనకు వారు వ్రేలితో నొక్కిన ‘సరే’ సమ్మతి కానేరదు. అట్టి ప్రకటనలను తరగతిలోను, సంఘ సమావేశములలోను చదివి, అర్థము చెప్పుట మన తక్షణ కర్తవ్యము.