నీళ్ల సంగతి పిట్టలనడగాలి

పటాన్‌చెరు దాటితే ముత్తంగి, ఆ తర్వాత ఇస్నాపూర్. ముంబయి హైవే మీద లారీల వరస తెగదు. ఆ పక్కనున్న చిట్కుల్ పేరెత్తగానే చాలామందికి గుర్తొచ్చేవి ఫ్యాక్టరీ షిఫ్టులు, అద్దె గదులు, చెరువులో చచ్చి తేలిన చేపల వార్తలు. పిట్టలు చూడ్డానికి ఇక్కడికెవరొస్తారని ఊళ్లోవాళ్లే అడుగుతారు. నన్నడిగితే, రావాలి. మంజీరా అభయారణ్యానికి వెళ్లేవాళ్లు పొద్దున్నే చిట్కుల్ చెరువు దగ్గర కాసేపు ఆగి, ఆ తర్వాతే మంజీరాకు పోవాలి. రెండు నీళ్లూ ఒకే రోజు చూస్తేగానీ సంగారెడ్డి జిల్లా సంగతి అర్థం కాదు.

డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. మంచు విడవకముందే గట్టెక్కాలి. పక్షులు తెలిసిన మనిషి వెంట ఉంటే మేలు. హైదరాబాద్‌లో 1980లో పుట్టిన పక్షి వీక్షకుల సంఘం ఇప్పుడు దక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది; చెరువుల చుట్టూ ఏళ్లుగా తిరిగినవాళ్లు అందులో ఉన్నారు. అనుభవమున్న మనిషి పక్షి పేరు చెప్పడానికి తొందరపడరు. అది ఎక్కడ నిలబడింది, ఏం తింటోంది అని ముందు మనల్నే అడుగుతారు. పొడుగాటి ఎర్రకాళ్ల ఉల్లంకులు గుంపుగా కనిపిస్తే ముచ్చటేస్తుంది. కానీ మురుగు పేరుకున్న బురదలో పురుగులు బాగా పెరుగుతాయి, ఉల్లంకులకు అవే విందు. అవి ఎక్కువగా ఉన్నంత మాత్రాన చెరువు బాగున్నట్టు కాదు. లకుముకి పిట్ట, నీటికాకి అలా కాదు, వాటికి చేప కావాలి. కలువ ఆకుల మీద నడిచే జకానాకు ఆకులే లేకపోతే అడుగు పెట్టే చోటుండదు. ఏ పిట్ట ఉందో, ఏది రాలేదో రెండూ రాసుకుంటే చెరువు ఆరోగ్యం కొంత చేతికందుతుంది.

నత్తగుల్ల కొంగ కనిపిస్తే మాత్రం కదలకుండా నిలబడండి. మోకాలు మునిగే నీళ్లలో ముక్కు ముంచి, తడుముకుంటూ నడుస్తుంది. నత్త తగలగానే ఆగుతుంది. దాని ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. ఆ సందులో పెట్టి నత్తను అడకత్తెరలా పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు. గుల్ల పగలదు. పైముక్కుతో గుల్లను నేలకేసి అదిమిపట్టి, కిందిముక్కు సన్నటి కొనను మూత పక్కనుంచి దూర్చి, లోపలి కండ గుల్లకు అతుక్కున్నచోట తెంపుతుంది. తల ఒక్కసారి విదిలిస్తే మెత్తటి మాంసం బయటికొస్తుంది. ఖాళీ గుల్ల నీళ్లలో పడిపోతుంది. ఎంత నేర్పో అది!

ఆ నత్త బురదలో, నాచులో బతికింది. బురదలో ఏముంటే దాన్లోకీ అదే చేరుతుంది, దాన్నుంచి కొంగలోకి వెళుతుంది. చిట్కుల్‌లో ఈ మాట ఊరికే అనలేం. 1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వెలిశాయి. వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. వాగు వెంబడి పొలాలు, బావులు చెడిపోయాయి. 1990లో విషయం సుప్రీంకోర్టుకెక్కింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూనే డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు ఈ కాలుష్యం మీద పోరాడారు. ఆ తర్వాత 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన ఫలితం ప్రపంచాన్నే ఉలిక్కిపడేలా చేసింది. పటాన్‌చెరులోని ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు తేలింది. శుద్ధి చేశాక వదిలిన నీళ్లవి.

చేపలు చచ్చిపోయినప్పుడు టీవీ కెమెరాలు వస్తాయి. మత్స్యకారులకు ఆ ఏడాది పెట్టుబడి పోయినట్టే. పక్షుల లెక్క మాత్రం ఎవరూ అడగరు. నాకు బాధ కలిగించేది ఇదే. చేప చచ్చేదాకా ఆగనక్కర్లేదు కదా. మునుగుడు కోడి, నీటికాకి ఏటికేడాది తగ్గుతూ వస్తే అదే మొదటి కబురు. రోజూ వల వేసే మనిషికి అది ముందే తెలుస్తుంది. పక్షులు చూసేవాళ్లు ఆయనతో కలిసి కూర్చోవాలి.

ఈ చుట్టుపక్కల చూడదగ్గ నీళ్లు ఇంకా ఉన్నాయి. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. 1972లో పటాన్‌చెరులో వచ్చిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలోని కుంటలు వలస బాతులకు పెట్టింది పేరు. అవి ఇంకో రోజుకు పెట్టుకోవచ్చు.

ఎండ ముదిరేలోగా మంజీరా చేరాలి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. సంగారెడ్డికి దగ్గర్లో, నది వెడల్పుగా పరుచుకున్నచోట చిన్న చిన్న లంకలున్నాయి. ఇక్కడ వాటిని గడ్డలంటారు. వాటి అంచున మొసళ్లు ఎండకు పడుకుంటాయి. ఎర్రకాళ్ల కొంగలు, బొల్లికోళ్లు, హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే చారల తల బాతులు కనిపిస్తాయి. పాముమెడ పక్షిని వెతకండి. నీళ్లపైన సన్నటి మెడ ఒక్కటే కనిపిస్తుంది. మునిగి, ముక్కుతో చేపను పొడిచి, పైకి తెచ్చి, గాల్లోకి ఎగరేసి తలవైపు నుంచి మింగుతుంది. ఆ తర్వాత ఎండిన కొమ్మ మీద రెక్కలు పరిచి ఆరబెట్టుకుంటుంది. నీళ్లలో చేప కంటికి ఆనకపోతే దాని బతుకు సాగదు.

మంజీరా ఇలా ఉండటానికి ఒక కారణం సూటిగా చెప్పుకోవాలి. 1960ల నుంచి హైదరాబాద్ ఈ నీళ్లు తాగుతోంది. నగరం తాగే నీళ్లు కాబట్టి కాపలా ఉంది, ఆ కాపలా నీడలో పక్షులూ బతికాయి. నక్కవాగు వచ్చి మంజీరాలో కలిసేది నగరానికి నీళ్లిచ్చే ఆనకట్టకు దిగువన. నగరానికి పోయే నీళ్లకు ఆ వాగు తగలదు. దిగువ ఊళ్లకు తగులుతుంది. చిట్కుల్ చెరువు నీళ్లు నగరం తాగదు గనుకే దానికి అలాంటి కాపలా లేకపోయింది. ఊరివాళ్లూ, పక్షులూ నగరం కంటే తక్కువవాళ్లేం కాదు.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది, ఎవరైనా పాల్గొనవచ్చు. పేరున్న చోట్లకే అందరూ పోకుండా, మీ జాబితాలో చిట్కుల్ చెరువునూ చేర్చండి. ఏడాది తర్వాత ఏడాది అదే గట్టు, అదే నెల, అదే వేళ ఉంటేనే లెక్కకు విలువ. ఒక బైనాక్యులర్, ఒక నోటుబుక్కు చాలు. ఈబర్డ్ యాప్‌లో ఎక్కిస్తే ఆ లెక్క పదిమందికీ అందుతుంది. నీటి రంగు, వాసన, నురగ కూడా తేదీతో రాయండి. చచ్చిన చేపో పిట్టో కనిపిస్తే చేత్తో తాకకుండా ఫొటో తీసి, వేళ, చోటు రాసి, కాలుష్య నియంత్రణ మండలికి, అటవీశాఖకు అదే రోజు పంపండి. ఆ ప్రతి ఒకటి చెరువు మత్స్యకారుల సంఘానికి కూడా ఇవ్వండి. నష్టపరిహారం అడిగేటప్పుడు వాళ్ల చేతిలో ఆధారం ఉంటుంది.