గడ్డిలో దాగిన చక్కెర

మన ఖమ్మము, భద్రాచలము అడవి అంచు గ్రామములలో పత్తికట్టె, మొక్కజొన్న చొప్ప, వరి కొయ్యకాళ్ళు తరచుగా అగ్నిపాలగుచున్నవి. వీటినుండి చక్కెరయు, ఆ చక్కెరనుండి ఇంధనమును తీయవచ్చునను మాట సభ్యులు వినియే యుందురు. అందలి నిజమెంతయో తెలుపుచున్నాము.

బియ్యములోని పిండియు, గడ్డిలోని సెల్యులోజును గ్లూకోజు అను చక్కెర యొక్క గొలుసులే. లంకె మాత్రము వేరు. పిండి గొలుసును మన కడుపు త్రెంపగలదు. సెల్యులోజు గొలుసులు మోపు కట్టినట్లు బిగిసి, లిగ్నిన్ అను పదార్థముతో అతుకుకొని యుండును. ఎద్దు గడ్డి మేసి బలము పొందుట దాని పెద్దపొట్టలోని సూక్ష్మజీవుల చలువయే.

1819లో బ్రాకనో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుడ్డ పేలికలను గంధకామ్లముతో చక్కెరగా మార్చెను. కాని ద్రవామ్లము చక్కెరనీటిలో కలిసిపోవును. సున్నముతో విరిచినచో ఆమ్లము వ్యర్థమై జిప్సము కుప్పపడును, లోహపాత్రలును చెడును.

దీనికి విరుగుడుగా వచ్చినది ఘనామ్లము. ఆమ్లగుణమును బొగ్గు రేణువులకు అతికించినచో అవి నీట కరగవు. వడకట్టి మరల వాడవచ్చును. తిరుగలి రాయి గింజను పిండి చేయును గాని తాను పిండి కాదు. ఇట్టి పదార్థమునే ఉత్ప్రేరకమందురు. 2008లో జపాను శాస్త్రజ్ఞులు ఇట్టి బొగ్గుతో 100 డిగ్రీల వేడిమియందు శుద్ధ సెల్యులోజును నీట కరగు చిన్న గొలుసులుగా త్రెంపిరి. అందు పూర్తిగా గ్లూకోజైన పాలు స్వల్పము.

చిక్కెక్కడ ననగా, గడ్డియు ఘనమే, ఆమ్లమును ఘనమే. రెండును పైపైననే తాకును గనుక మెత్తగా నూరవలెను. నూరుటకు శక్తియు, ధనమును కావలెను. గడ్డిలోని లవణములు ఆమ్లగుణమును హరించును. మిగిలిన లిగ్నిన్ బొగ్గుతో కలిసి, వేరుచేయుట కష్టమగును.

కావున ఇది ఇంటిపని కాదు. గంధకామ్లముతో ప్రయోగములు చేయకుడు. యంత్రము అమ్మవచ్చినవారిని మూడు సంగతులు అడుగుడు: ఉత్ప్రేరకము ఎన్నిమారులు పనిచేయును? నూరుటకు వ్యయమెంత? మురుగునీరు ఎచ్చటికి పోవును? లెక్క చూపనివారికి సంఘపు సొమ్ము ఈయవలదు.

అంతదాక పొలమునకు నిప్పు పెట్టకుడు. వరిగడ్డిని, చొప్పను పశువులకు మేపుడు. మిగిలినదానిని పేడనీటితో తడిపి ఎరువుగుంటలో మాగబెట్టుడు. పత్తికట్టెను మాత్రము నిలువ ఉంచరాదు; ఎండుకాయలలో గులాబిరంగు పురుగు దాగి మరుపంటకు చేటు తెచ్చును. కోత ముగియగనే ముక్కలు చేయించి నేలలో కలియదున్నుడు. సూక్ష్మజీవులు ఆ గొలుసులను త్రెంపి, మన నేలకే బలము చేకూర్చును.